అమెరికా ఇంగ్లీషుకు అర్థం చెప్పిన బడిపంతులు

తెలుగులో మాటకు మాట తెలిసినా పే స్టబ్ అర్థం కాదెందుకు? ఇలాంటి ప్రశ్నతోనే జీవితమంతా కుస్తీ పట్టిన నోవా వెబ్‌స్టర్ కథ ఇది.

అమెరికా వచ్చిన మనవాళ్లకు ఇంగ్లీషు రాదంటే ఎవరూ ఒప్పుకోరు. నిజమే మరి. చదువంతా అందులోనే సాగింది, పరీక్షలన్నీ అందులోనే రాశాం. అసలు చిక్కు తెలియని మాటలతో కాదు, బాగా తెలుసనుకున్న మాటలతోనే!

'ఎగ్జెంప్ట్' అనే మాటే తీసుకోండి. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీస్తే 'మినహాయింపు పొందిన' అని ఉంటుంది. ఆఫర్ లెటర్‌లో ఆ మాట చూడగానే మనకేదో మేలు చేశారనిపిస్తుంది. కానీ అక్కడ దాని అర్థం వేరు. వారానికి 40 గంటలు దాటి పనిచేసినా ఓవర్‌టైం ఇవ్వనక్కర్లేని ఉద్యోగం అని! ఇదే మాట డబ్ల్యూ-4 ఫారంలో కనిపిస్తే ఇంకో అర్థం. నా జీతంలోంచి ఫెడరల్ ఆదాయపు పన్ను ముందుగా పట్టుకోవద్దు అని చెప్పడం. అర్హత లేకుండా ఆ మాట రాసేస్తే ఏప్రిల్ నెలలో పన్నంతా ఒక్కసారిగా నెత్తిన పడుతుంది.

'డిడక్టిబుల్' సంగతీ అంతే. పన్ను లెక్కల్లో అది ఆదాయంలోంచి తీసేసుకోదగ్గ ఖర్చు. మనకు లాభం. అదే ఆరోగ్య బీమా కాగితంలో, కంపెనీ చెయ్యి కదిపే ముందు మన జేబులోంచి కట్టాల్సిన సొమ్ము. ఇక 'టేబుల్' సంగతి సరే సరి. మన అసెంబ్లీలో ఏదైనా టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టారని అర్థం. అమెరికా ఆఫీసు మీటింగులో టేబుల్ చేశారంటే ఇప్పటికి పక్కన పెట్టేశారని!

మాటకు సమానమైన ఇంకో మాట తెలిస్తే చాలదు. దాని హద్దులు ఎక్కడిదాకా ఉన్నాయో చెప్పే నిర్వచనం కావాలి. అది ఈ గడ్డ మీద ఎలా నడుస్తుందో చూపించే వాక్యం కావాలి. ఇంగ్లండ్ ఇంగ్లీషుకీ అమెరికా ఇంగ్లీషుకీ మధ్య ఈ తేడాను పట్టుకుని, ముసలితనం దాకా పోరాడిన మనిషి నోవా వెబ్‌స్టర్. డిక్షనరీ అట్ట మీద ఆయన పేరు మనందరం చూసిందే. ఆ పేరు వెనుక మనిషి కథే కొంచెం తక్కువమందికి తెలుసు.

పొలం తాకట్టు పెట్టి చదువు

1758 అక్టోబర్ 16న కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ పక్కన, ఇప్పుడు వెస్ట్ హార్ట్‌ఫర్డ్ అని పిలిచే చోట, ఒక రైతు ఇంట్లో నోవా పుట్టారు. తండ్రి పేరు కూడా నోవాయే. ఇంట్లో కలిమి లేదు. కుర్రాడికి మాత్రం చదువు పిచ్చి. చివరికి తండ్రి పొలం తాకట్టు పెట్టి 1774లో కొడుకుని యేల్ కాలేజీకి పంపించారు. పొలాలు అమ్మి పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులు మన ఊళ్లలో ఎంతమందో! ఆ తండ్రి కష్టం మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

కాలేజీలో చేరిన మరుసటి ఏడాదే ఇంగ్లండ్ మీద అమెరికా యుద్ధం మొదలైంది. తిండి గింజల కరువు వచ్చి తరగతుల్ని వేరే ఊళ్లకు మార్చాల్సి వచ్చింది. 1777లో తండ్రితో, అన్నదమ్ములతో కలిసి నోవా కూడా మిలీషియాలో నడిచారు. 1778లో డిగ్రీ చేతికొచ్చింది. ఇంటికెళ్తే తండ్రి 8 డాలర్ల కాగితం నోటు చేతిలో పెట్టి, ఇకపై నీ బతుకు నువ్వే చూసుకోవాలని చెప్పేశారు. యుద్ధం దెబ్బకు ఆ నోటు విలువ అప్పటికే బాగా పడిపోయింది. తండ్రిది కోపం కాదు, ఇంక ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు.

లాయరు కావాలన్నది నోవా కోరిక. లా చదవడానికి డబ్బు కావాలి కాబట్టి బళ్లో పంతులుగా చేరారు. పగలు పాఠాలు, మిగతా వేళల్లో లా పుస్తకాలు. 1781లో పరీక్ష నెగ్గి లాయరు అయ్యారు. తీరా చూస్తే యుద్ధ కాలంలో కేసుల్లేవు, ఫీజుల్లేవు. మళ్లీ బడికే వెళ్లాల్సి వచ్చింది. చదివింది ఒకటి, చేస్తున్న పని ఇంకొకటి... ఈ బాధ ఆయనకూ తప్పలేదు.

నీలం అట్ట పుస్తకం

ఆ బళ్లలో పరిస్థితి ఘోరం. ఒకే గదిలో రకరకాల వయసుల పిల్లలు. పుస్తకాలు చాలక అవస్థ. ఉన్నవేమో ఇంగ్లండ్ నుంచి వచ్చినవి. రాజు మీద తిరగబడి యుద్ధం చేస్తున్న దేశంలో పిల్లలు చదివేది ఆ రాజు రాజ్యపు ఊళ్ల పేర్లు! ఇదేం చదువని పంతులుగారికి అనిపించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని గోషెన్ అనే ఊళ్లో పాఠాలు చెబుతూనే పుస్తకం రాయడానికి కూర్చున్నారు.

1783లో హార్ట్‌ఫర్డ్‌లో అది అచ్చయింది. మొదటి విడత 5 వేల ప్రతులు. అక్షరాలు, తర్వాత చిన్న మాటలు, ఆ తర్వాత రెండు మూడు ముక్కలుగా విరిచి పలికే మాటలు, చివర్లో నీతి వాక్యాలు, కథలు. మన పెద్దబాలశిక్ష గుర్తొస్తోంది కదూ! మెట్టు మీద మెట్టు ఎక్కించే పద్ధతి అదే. తర్వాత నీలం రంగు అట్టతో రావడం వల్ల జనం దాన్ని నీలం అట్ట స్పెల్లర్ అని పిలుచుకున్నారు. వందేళ్లపాటు అమెరికా పిల్లలకు అదే తొలి పుస్తకం. అమ్ముడైన ప్రతులు కోట్లలోనే ఉంటాయి.

పుస్తకం రాయగానే ఆయనకు ఇంకో భయం పట్టుకుంది. ఎవరైనా దొంగతనంగా అచ్చేసుకుంటే? అప్పటికి దేశమంతటికీ కాపీరైట్ చట్టం లేదు. గుర్రం మీదా ఓడలోనూ రాష్ట్రం నుంచి రాష్ట్రానికి తిరిగి శాసనసభల చుట్టూ ప్రదక్షిణలు చేశారు. 1783లో కనెక్టికట్ చట్టం చేసింది. మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటే దారిలోకి వచ్చాయి. 1790లో దేశానికంతటికీ ఒకే చట్టం వచ్చింది. ఆ తర్వాత నలభై ఏళ్లకు కూడా ఆయన వదల్లేదు. ముసలి వయసులో వాషింగ్టన్ వెళ్లి మళ్లీ పట్టుబట్టారు. 1831లో కాపీరైట్ గడువును 14 ఏళ్ల నుంచి 28 ఏళ్లకు పెంచారు.

అక్షరాలకు కత్తెర

మన ఊరి బడిలో 'కలర్' రాసేటప్పుడు చివర్లో ఓ, యు, ఆర్ అని మూడక్షరాలు రాశాం. ఇక్కడికి వచ్చాక యు మాయమైంది. 'సెంటర్' చివర ఆర్, ఇ అని నేర్చుకున్నది ఇక్కడ ఇ, ఆర్ అయింది. కంప్యూటర్ ఎర్ర గీత పెట్టినప్పుడల్లా మనకు మన పంతులు గుర్తొస్తారు. ఆ గీత వెనుక ఉన్నది మాత్రం ఈ పంతులు!

తమాషా ఏమిటంటే మొదట్లో ఆయనకే ఈ మార్పులు నచ్చలేదు. 1783 నాటి పుస్తకంలో ఇంగ్లండ్ స్పెల్లింగులే ఉంచారు. తర్వాత బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో పరిచయమైంది. ఫ్రాంక్లిన్‌కు పలికినట్టే రాయాలన్న పట్టుదల ఎక్కువ. ఆ మాటలు విన్నాక వెబ్‌స్టర్ ఆలోచన మారింది. 1789లో భాష మీద తన ఉపన్యాసాలను పుస్తకంగా వేసి ఫ్రాంక్లిన్‌కు అంకితమిచ్చారు. పలకని అక్షరం రాయడం దండగ, పిల్లల ప్రాణం తీయడం తప్ప దానివల్ల లాభం లేదన్నది ఆయన వాదం.

'మ్యూజిక్' చివరి కె పోయింది. 'జైల్' మాటకు జి బదులు జె వచ్చింది. 'ప్లౌ' చివర యు, జి, హెచ్ పోయి డబ్ల్యు చేరింది. అన్నీ ఆయనే కనిపెట్టారని కాదు. అక్కడక్కడా వాడుకలో ఉన్న రూపాల్లో తేలికైనదాన్ని పట్టుకుని డిక్షనరీలో పెట్టి నిలబెట్టారు. ఓడిపోయినవీ ఉన్నాయి. నాలుక అనే అర్థమిచ్చే 'టంగ్' మాటను టి, యు, ఎన్, జి అని నాలుగక్షరాల్లో రాయమన్నారు. 'విమెన్' మాటను పలికినట్టే డబ్ల్యు, ఐ అని మొదలుపెట్టమన్నారు. జనం ఒప్పుకోలేదు. భాష విషయంలో పంతులు ఎంత గట్టివాడైనా చివరి తీర్పు జనానిదే.

జాన్సన్‌తో పోటీ... ఊరంతా హేళన

1789లో బోస్టన్ వ్యాపారి కూతురు రెబెకా గ్రీన్‌లీఫ్‌ను పెళ్లాడారు. 1793లో న్యూయార్క్ వెళ్లి దినపత్రిక నడిపారు. రాజకీయాల్లో వేలుపెట్టి ఇటువైపూ అటువైపూ తిట్లు తిన్నారు. ఆ గొడవలతో విసిగి 1798లో న్యూహేవెన్ చేరారు. 1800 జూన్‌లో డిక్షనరీ రాయబోతున్నానని పత్రికల్లో ప్రకటించారు.

అంతే, వెక్కిరింతలు మొదలయ్యాయి. ఇంగ్లీషుకు డిక్షనరీ అంటే లండన్‌లో 1755లో శామ్యూల్ జాన్సన్ రాసిందే. ఆయన ముందు ఈ పల్లెటూరి పంతులెంత అన్నారు. అమెరికా ఇంగ్లీషు అంటూ వేరే ఒకటుందా, అదంతా చదువులేనివాళ్ల మొరటు మాటలే కదా అని పత్రికల్లో ఎగతాళి చేశారు. ఆయన పట్టించుకోలేదు. 1806లో ముందుగా ఒక చిన్న డిక్షనరీ తెచ్చారు. అందులోనే సుమారు 37 వేల మాటలున్నాయి. ఇంగ్లండ్ డిక్షనరీల్లో చోటు దొరకని అమెరికా మాటలు అందులో చేరాయి. 'స్కంక్' అనే కంపు జంతువు, 'హికరీ' అనే చెట్టు, 'చౌడర్' అనే చిక్కటి సూపు లాంటివి. ఇవన్నీ ఇక్కడి జనం రోజూ అనే మాటలే. ఇంట్లో వాడే మాటకు పుస్తకంలో చోటు లేకపోతే, తప్పు మాటది కాదు, పుస్తకానిదే అన్నది ఆయన నమ్మకం.

నిర్వచనం అంటే ఏమిటి?

1807లో పెద్ద డిక్షనరీ మొదలైంది. అప్పటికి ఆయన వయసు 48 దాటింది. ఆయన పద్ధతి ఏమిటో కొంచెం వివరంగా చూద్దాం. మనకు పనికొచ్చేది అదే.

'కార్న్' అంటే ఏమిటి? ఇంగ్లండ్‌లో అడిగితే గోధుమ, బార్లీ లాంటి ధాన్యం అంటారు. అమెరికాలో ఎక్కువగా మొక్కజొన్న. జాన్సన్ డిక్షనరీ పట్టుకుని అమెరికా రైతు దగ్గర కార్న్ కొంటే ఏం జరుగుతుందో ఊహించుకోండి. వెబ్‌స్టర్ ఈ తేడాను విప్పి రాశారు. ఇంగ్లండ్‌లో ఇలా, మన రాష్ట్రాల్లో ఇలా అని. 'క్రీక్' అంటే అక్కడ సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. ఇక్కడ కొన్ని రాష్ట్రాల్లో చిన్న వాగు. అలా ఎందుకు మారిందో కూడా ఒక ముక్క చెప్పారు. వాగులు వచ్చి ఆ పాయల్లోనే కలుస్తాయి కాబట్టి పేరు పైకి పాకిందని. 'కాంగ్రెస్', 'సెనేట్', 'ప్లాంటేషన్' లాంటి మాటలకు ఈ దేశపు చట్టాల్లో, బతుకులో ఉన్న అర్థం వేరని, ఇంగ్లండ్ పుస్తకం చదివి అది తెలుసుకోలేరని గట్టిగా వాదించారు.

నిర్వచనం రాయడానికి ఆయనదో పద్ధతి. ముందు ఆ వస్తువు ఏ కోవకు చెందిందో చెప్పాలి. తర్వాత ఆ కోవలో మిగతావాటికీ దీనికీ తేడా ఏమిటో చెప్పాలి. అర్థాలు నాలుగుంటే నాలుగూ విడివిడిగా అంకెలు వేసి రాయాలి. రైతు కొడుకు కాబట్టి నాగలి భాగాలు తెలుసు. లాయరు కాబట్టి కోర్టు మాటలు తెలుసు. పంతులు కాబట్టి పిల్లాడికి ఎక్కడ అర్థం కాదో తెలుసు. ఈ మూడూ కలిసి ఆయన నిర్వచనాలకు బలమిచ్చాయి. తర్వాతి కాలంలో ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువుకు సంపాదకత్వం వహించిన జేమ్స్ మర్రే అంతటివాడు, నిర్వచనం రాయడానికే పుట్టిన మనిషని వెబ్‌స్టర్‌ను మెచ్చుకున్నారు.

ఉదాహరణ వాక్యాల దగ్గరా జాన్సన్‌తో పేచీ పడ్డారు. జాన్సన్ పెద్ద రచయితల పుస్తకాల్లోంచి లక్షకు పైగా వాక్యాలు ఎత్తి చూపించారు. తేలిక మాటకు కూడా అన్నన్ని ఎందుకు, పుస్తకం బరువు పెరగడం తప్ప అన్నారు వెబ్‌స్టర్. అవసరమైన చోటే వాక్యం ఉండాలి. అదీ బతికున్న భాషలా ఉండాలి. బైబిల్ నుంచి తీసుకున్నారు. ఇంగ్లండ్ కవులతో పాటు వాషింగ్టన్, ఫ్రాంక్లిన్ లాంటి సొంత దేశపువాళ్ల రాతలనూ సాక్ష్యంగా పెట్టారు. చాలాచోట్ల మామూలు మనుషులు మాట్లాడుకునే చిన్న వాక్యాలు తనే కట్టి రాశారు.

ఇరవై ఏళ్ల తపస్సు

న్యూహేవెన్‌లో ఖర్చులు తట్టుకోలేక 1812లో కుటుంబంతో మసాచుసెట్స్‌లోని ఆమ్‌హర్స్ట్ అనే చిన్న ఊరికి మారారు. నీలం అట్ట పుస్తకం మీద వచ్చే సొమ్మే ఆధారం. అక్కడ కాలేజీ పెట్టడానికీ తోడ్పడ్డారు. పెద్ద గుండ్రటి బల్ల, దాని మీద రకరకాల భాషల నిఘంటువులు. ఒక మాట పట్టుకుని ఆ బల్ల చుట్టూ తిరుగుతూ అన్ని పుస్తకాల్లో వెతికేవారు. ఇందుకోసమే ఇరవైకి పైగా భాషలతో కుస్తీ పట్టారు. సహాయకుల బృందం లేదు, కంప్యూటర్ లేదు. ఈక కలంతో, చేత్తో ఒక్కడే రాసుకుంటూ పోయారు.

1824లో, 65 ఏళ్ల వయసులో, కొడుకుని వెంటబెట్టుకుని ఓడెక్కి పారిస్ వెళ్లారు. ఇక్కడ దొరకని పుస్తకాల కోసం! అక్కణ్నుంచి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి చేరారు. 1825 జనవరిలో అక్కడి అద్దె గదిలోనే చివరి మాట రాశారు. ఇంక పూర్తయిపోయిందని తెలిసేసరికి చెయ్యి వణికి కలం నిలవలేదట. కాసేపు గదిలో అటూ ఇటూ నడిచి గానీ కుదుటపడలేదు. ఇంగ్లండ్‌తో తెగతెంపులు చేసుకున్న అమెరికా ఇంగ్లీషు డిక్షనరీ ఇంగ్లండ్ గడ్డ మీదే పూర్తికావడం విచిత్రం.

1828 నవంబర్‌లో అది రెండు పెద్ద సంపుటాలుగా వచ్చింది. 70 వేల మాటలు. అందులో సుమారు 12 వేలు అంతకుముందు ఏ డిక్షనరీలోనూ లేనివి. ఆయనకు అప్పటికి 70 ఏళ్లు. అచ్చేసింది 2,500 ప్రతులు. ధర 20 డాలర్లు. అప్పట్లో అది మామూలు కూలీకి చాలా రోజుల సంపాదన. పేరు వచ్చింది గానీ డబ్బు రాలేదు.

లోపాలూ ఉన్నాయి

దేవుణ్ని చేసి చూపించడం మనకెందుకు? ఆయనలో లోపాలు తక్కువేమీ కాదు. మాటల పుట్టుక గురించి ఆయన రాసిందాంట్లో చాలాభాగం తర్వాత పనికిరాకుండా పోయింది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో చెప్పారు. ఆ దారి పట్టుకుని జర్మనీ పండితులు ఎంతో ముందుకెళ్లారు. వెబ్‌స్టర్ మాత్రం బైబిల్ కథను నమ్ముకుని అన్ని భాషలకూ మూలం కాల్డీ అనుకున్నారు. ఆయన పోయాక 1864 నాటి కూర్పులో ఆ భాగాన్ని ఒక జర్మన్ పండితుడితో తిరగరాయించాల్సి వచ్చింది.

తన మతం, తన రాజకీయాలు నిర్వచనాల్లోకి జొరబడకుండా ఆపుకోలేకపోయారు. విమర్శిస్తే సహించేవారు కాదు. వయసులో ఉండగా బానిసత్వం తప్పని 1793లో పుస్తకం రాసిన మనిషే, ముసలితనంలో దాన్ని రద్దు చేయాలని ఉద్యమించినవాళ్లను చూసి చిరాకుపడ్డారు. ఇంత చెప్పాక ఆయన పుస్తకం చేసిన ఒక పని కూడా చెప్పుకోవాలి. అది ఆయన ఊహకు కూడా అంది ఉండదు.

రొట్టె ముక్కకు ఒక పాఠం

బాల్టిమోర్ నగరంలో ఫ్రెడరిక్ డగ్లస్ అనే నల్ల కుర్రాడు బానిసగా ఉండేవాడు. యజమాని భార్య మొదట నాలుగక్షరాలు నేర్పింది. యజమాని చూసి మాన్పించేశాడు. చదువొస్తే బానిసగా పనికిరాడన్నది అతని భయం. కుర్రాడు మానలేదు. వీధిలో తిరిగే పేద తెల్ల పిల్లలకు ఇంట్లోంచి తెచ్చిన రొట్టె ఇచ్చి, బదులుగా పాఠం చెప్పించుకునేవాడు. వెబ్‌స్టర్ స్పెల్లింగ్ పుస్తకంలోని అక్షరాలను చూసి రాసి, చివరికి చూడకుండా రాసేదాకా సాధన చేశాడు.

అప్పుడు పెద్దవాళ్ల నోట 'అబాలిషన్' అనే మాట పదేపదే వినిపించేది. అదేదో తనకు సంబంధించిందే అనిపించింది. డిక్షనరీ తీసి చూశాడు. అబాలిష్ చేయడమే అబాలిషన్ అని ఉంది! దేన్ని? ఎవరు? ఎందుకు? ఏమీ లేదు. అడుగుదామంటే భయం. కొన్నాళ్లకు ఒక న్యూస్‌పేపర్ చేతికొచ్చింది. రాజధాని ప్రాంతంలో బానిసత్వాన్ని రద్దు చేయమని ఉత్తరాది జనం కాంగ్రెస్‌కు అర్జీలు పెట్టుకున్నారన్న వార్త అందులో ఉంది. ఆ వాక్యంలో ఆ మాట కనిపించింది. అంతే, ఒక్కసారిగా అర్థమైపోయింది. ఆ మాటకు అర్థం తన విడుదలే! 1838లో డగ్లస్ తప్పించుకుని స్వేచ్ఛ పొందారు. 1845లో తన కథ రాసి లోకానికి చెప్పారు. బానిసత్వం మీద పోరాడిన మహావక్తల్లో ఒకరయ్యారు.

గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చే నిర్వచనం ఆ కుర్రాణ్ని అక్కడే నిలబెట్టేసింది. సరైన వాక్యం దారి చూపించింది. నిఘంటువు రాసేవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాల్సిన కథ ఇది. చదివేవాళ్లు కూడా.

అప్పుల్లో చివరి రోజులు

డిక్షనరీని ఒక సంపుటంగా కుదించే పని చేసిన జోసెఫ్ వూస్టర్ 1830లో సొంత డిక్షనరీ వేశారు. ఇద్దరికీ పడలేదు. వెబ్‌స్టర్ తన సొత్తు దొంగిలించారని పత్రికలకెక్కారు. ఆయన తర్వాత కూడా ఆ డిక్షనరీల యుద్ధం ఏళ్ల తరబడి సాగింది. 82 ఏళ్ల వయసులో, 1841లో, ఇల్లు తాకట్టు పెట్టి రెండో కూర్పు వేశారు. అదీ గిట్టుబాటు కాలేదు. కొడుకు చదువుకు తండ్రి పొలం తాకట్టు, పుస్తకానికి కొడుకు ఇల్లు తాకట్టు! 1843 మే 28న న్యూహేవెన్‌లో కన్నుమూశారు. అక్కడి గ్రోవ్ స్ట్రీట్ శ్మశానంలో సమాధి ఉంది.

అదే ఏడాది మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ప్రెస్ నడుపుతున్న జార్జ్, చార్లెస్ మెరియం అనే అన్నదమ్ములు మిగిలిపోయిన ప్రతులనూ హక్కులనూ కొన్నారు. 1847లో ఒకే సంపుటంగా, 6 డాలర్లకు అమ్మారు. జనం ఎగబడి కొన్నారు. ఆయనను అప్పుల్లో ముంచిన పుస్తకమే ఇంటింటి పుస్తకమైంది. మెరియం-వెబ్‌స్టర్ అనే పేరు అలా వచ్చిందే.

ఆ కాలంలోనే మన కడపలో సి.పి.బ్రౌన్ పండితులకు సొంత జీతంలోంచి డబ్బులిచ్చి తెలుగు మాటలు పోగేయించారు. 1850లలో ఆయన నిఘంటువులు అచ్చయ్యాయి. ఒకరినొకరు చూసుకోని ఇద్దరు మొండివాళ్లు, ఒకే రకం పిచ్చి.

మనం పట్టుకోవాల్సింది

స్పెల్లింగ్ బీ చూసే ఉంటారు. 1925 నుంచి జరుగుతున్న జాతీయ పోటీలో 1985లో తొలిసారి భారత సంతతి బాలుడు గెలిచాడు. తర్వాత మన పిల్లలు వరుసగా గెలుచుకొస్తున్నారు. మైకు ముందు నిలబడిన పిల్ల ఏం అడుగుతుంది? ఈ మాట నిర్వచనం చెప్పండి, ఒక వాక్యంలో వాడి చూపించండి అని అడుగుతుంది. ఆ పోటీకి ప్రామాణికం కూడా మెరియం-వెబ్‌స్టర్ డిక్షనరీయే. పదేళ్ల పిల్లలు సిగ్గుపడకుండా అడిగే ఆ రెండు ప్రశ్నలూ పెద్దవాళ్లం ఆఫీసులో, ఆస్పత్రిలో, అపార్ట్‌మెంట్ లీజు ముందు అడగడానికి మొహమాటపడతాం. తెలియదని తేలిపోతుందేమోనని భయం. ఆ మొహమాటం ఖరీదు మాత్రం డాలర్లలో ఉంటుంది.

మన ఇళ్లలో శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తరాలకు తరాలు దారి చూపించింది. దాన్ని తక్కువ చేయక్కర్లేదు. మొదటి మెట్టు అదే. కానీ ఇక్కడ రెండో మెట్టు కూడా ఎక్కాలి. ఇంగ్లీషు మాటకు ఇంగ్లీషులోనే అర్థం చెప్పే డిక్షనరీ చూడాలి. పరాయి భాషగా ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసమే మెరియం-వెబ్‌స్టర్ 2008లో విడిగా ఒకటి తెచ్చింది. తేలిక మాటల్లో నిర్వచనాలు, ప్రతి పేజీలో బోలెడన్ని వాక్యాలు.

పద్ధతి చాలా సులువు. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పే స్టబ్, బీమా కాగితం, లీజు, మేనేజర్ ఈమెయిల్... వీటిలో తగిలిన మాటే ఎత్తి రాసుకోండి. దాని పక్కన తెలుగు మాట కాకుండా మీ సొంత ఇంగ్లీషులో నిర్వచనం రాయండి. అది ఏ కోవకు చెందింది, మిగతావాటికీ దానికీ తేడా ఏమిటి అని. ఆ కింద రెండు వాక్యాలు. ఒకటి ఆ కాగితంలో ఉన్నదే. రెండోది మీ పేరు, మీ ఉద్యోగం, మీ డాలర్లు పెట్టి మీరే కట్టింది. ఆ రెండో వాక్యం తప్పులేకుండా కుదిరిందంటే మాట మీదైనట్టే. కుదరకపోతే సంతకం పెట్టే ముందు హెచ్‌ఆర్‌ను అడగాల్సిన ప్రశ్న ఏదో దొరికినట్టు.

వెబ్‌స్టర్ పుట్టిన ఇల్లు వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో మ్యూజియంగా ఉంది. న్యూహేవెన్‌లో ఆయన చివరిదాకా ఉన్న ఇంటిని 1930లలో పడగొట్టబోతుంటే హెన్రీ ఫోర్డ్ కొని, విప్పించి, మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌కు తెచ్చి గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌లో మళ్లీ నిలబెట్టారు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు కారులో కాసేపటి దూరం. పిల్లల్ని తీసుకెళ్తే, కలర్‌లో యు ఎక్కడికి పోయిందో అక్కడే చెప్పొచ్చు!